లక్ష్మివారం నాటి రగ్గు

"ఆ చెయ్యి తియ్యి అమ్మీ!"

ఉషారాణి ఉలిక్కిపడింది. స్టూలెక్కి పై అరలోని కొత్త రగ్గు మీద చెయ్యి వేసిందో లేదో, వెనక నుంచి మామ్మ గొంతు వినిపించింది.

మధ్యాహ్నం రెండు గంటలయింది. కొట్లో బేరాలు లేవు. నాన్న రామలింగం భోజనానికి లోపలికి వెళ్ళాడు. రాయగడ బజారులో వాళ్ళది రగ్గులు, దుప్పట్లు, తువ్వాళ్ళు అమ్మే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. రెండింటికీ మధ్య ఉన్న గుమ్మంలో మామ్మ పాపాయమ్మ నిలబడి ఉంది.

"ఏటి సేస్తన్నావు అక్కడ?"

"ఒక్క రగ్గు మామ్మా. సాయంత్రం పాటల ప్రోగ్రాం ఉంది. దానికి టిక్కెట్టు రగ్గే."

అది నిజమే. అక్టోబరులో వచ్చిన పెద్ద తుపాను సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళను ఊడ్చేసింది. రెండు నెలలైనా అక్కడి జనం టార్పాలిన్ల కింద చలికి వణుకుతున్నారు. అందుకని రాయగడలో కుర్రాళ్ళ క్లబ్బొకటి క్రిస్మస్ సెలవుల్లో పాటల కార్యక్రమం పెట్టింది. డబ్బులు వద్దన్నారు. ముగ్గురు కలిసి ఒక రగ్గు తెస్తే చాలు, లోపలికి రానిస్తారు. ఆ రగ్గులన్నీ మర్నాడు పొద్దున్నే లారీలో తుపాను ఊళ్ళకు వెళ్తాయి.

"ఇవాళ ఏ వారం?" అని అడిగింది మామ్మ.

"గురువారం."

"మనింట్లో ఏటంటాం?"

"లక్ష్మివారం." ఉష గొంతు తగ్గింది.

"ఏ నెల?"

"మార్గశిరం."

ఇంకేమీ చెప్పక్కర్లేదు. మార్గశిర మాసంలో లక్ష్మివారం అంటే ఆ ఇంట్లో పండుగే. తెల్లవారకముందే మామ్మ లేచి గడప కడుగుతుంది. గడప నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో చిన్న చిన్న పాదాలు వేస్తుంది. కుంచం నిండా కొత్త వడ్లు పోసి అమ్మవారిగా నిలబెడుతుంది. ఆ రోజు ఇంట్లోంచి గాని, కొట్లోంచి గాని ఏదీ ఊరికే బయటికి పోకూడదు. కొనుక్కునేవాళ్ళకు అమ్ముతారు. అంతే. పక్కింటివాళ్ళు వచ్చి చెంచాడు పంచదార అడిగినా, "ఎల్లుండి రామ్మా" అంటుంది మామ్మ.

"ప్రోగ్రాం ఇవాళే కదా మామ్మా! నేను తెస్తానని చెప్పేశాను."

"నిన్న అడగలేకపోయేవా? ఒకటేటి, రెండిచ్చీదాన్ని. నేను దానానికి అడ్డం సెప్పే మనిషినేటి?"

సెలవులిచ్చిన రోజు స్కూలు గేటు దగ్గర జరిగింది ఉషకు గుర్తుకొచ్చింది.

ఉషకు ఇద్దరు స్నేహితులు. ఝాన్సీలక్ష్మి, సౌమ్యరంజన్. ముగ్గురూ ఆరో తరగతే. ఝాన్సీ వాళ్ళ నాన్న గంగరాజు మునిసిపాలిటీలో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. గోడ మీది పోస్టరు చూపించి, "మా యింట్లో రగ్గుంది. మా యమ్మ దీని కోసమే ఉతికి ఎండేసింది. తెస్తాను" అంది ఝాన్సీ.

"పాతదేటే? కొట్టున్న వాళ్ళం మేముండగా నువ్వు తేవడమేటి? కొత్తది తెస్తాను సూడు. కవరు కూడా తియ్యనిది."

"నిజంగానా?"

"మా కొట్లో రగ్గులకేటి కరువు!"

సౌమ్యరంజన్ వాళ్ళు ఒడియా వాళ్ళు. బజారులో పుట్టి పెరిగాడు కాబట్టి తెలుగు గడగడా మాట్లాడతాడు. "అయితే ముందు వరస సీట్లు మనవే" అని చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత ఆరు రోజులు ఉష గ్రీటింగ్ కార్డులు చేసుకుంటూ కూర్చుంది. రెండు వేల సంవత్సరం వస్తోంది మరి. ఒక్కో కార్డు మీదా 2000 అని మెరుపు పొడి చల్లింది. రగ్గు సంగతి రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంది. ఆ రేపు ఇవాళైంది.

"మామ్మా," అంది ఉష మెల్లగా, "పొద్దున్న చీకిపోయిన చేట బయట పారేశావు కదా. అది గుమ్మం దాటలేదా?"

మామ్మకు నవ్వొచ్చింది. "దొంగ గుంట! నాకే ఎదురు లాయర్వా? పాడైపోయినది లక్ష్మి కాదే. సిరిగినది, ఇరిగినది ఇంట్లో ఉంచుకుంటేనే తప్పు. మంచి వస్తువు లక్ష్మి. అది దాటకూడదు. దిగు, కాలు జారగలదు."

మామ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఉష స్టూలు దిగింది. కానీ మామ్మ మాట మనసులోంచి దిగలేదు.

పాడైపోయినది లక్ష్మి కాదు.

మెట్ల కింద ఒక మూట ఉంటుంది. తడిసినవి, రంగు దిగినవి, ఎలకలు కొట్టినవి అందులో పడేస్తాడు నాన్న. నెలకోసారి మోటారు షెడ్డు వాళ్ళు వచ్చి చేతులు తుడుచుకోవడానికి పట్టుకుపోతారు.

ఉష మూట విప్పింది. పైనే ఒక నీలం రగ్గు, తెల్ల చారలది, నలగకుండా ఉంది. మడత అంచున ఒకచోట ఎలక కొరికింది. రెండు వేళ్ళు పట్టేంత కన్నం. ఉష ఆ అంచును లోపలికి తిప్పి మళ్ళీ మడిచింది. ఇప్పుడు పైకి ఏమీ కనిపించడం లేదు. కొట్లో పడి ఉన్న ఖాళీ ప్లాస్టిక్ కవరు తెచ్చి అందులో దూర్చింది. అచ్చం కొత్తదే!

'ఒక్క కన్నమే కదా. మిగతా రగ్గంతా బాగానే ఉంది. పైగా మామ్మ మాట కూడా దాటలేదు' అనుకుంది.

తన తెలివికి తనకే ముచ్చటేసింది. కానీ వీధి గుమ్మంలోంచి వెళ్ళకుండా పెరటి సందులోంచి వెళ్ళింది. ఎందుకలా వెళ్ళిందో తనను తాను అడగలేదు.

*

హైస్కూలు మైదానంలో స్టేజి కట్టారు. గేటు దగ్గర బల్ల వేసుకుని సంగీతం సారు రఘు కూర్చున్నాడు. ఆయన పక్కన రగ్గులు కుప్పగా పడి ఉన్నాయి. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. కొట్పాడ్ నేత దుప్పటి ఒకటి, ముదురు ఎరుపు అంచుది, అన్నిటి మధ్యా మెరుస్తోంది. ఎవరో నారాయణపట్న నుంచి బస్సులో వచ్చి ఇచ్చారట.

ఉష కవరు చేతికివ్వగానే రఘు సారు కళ్ళు పెద్దవి చేశాడు.

"కవరు కూడా తియ్యలేదే! రామలింగం గారి అమ్మాయివి కదూ? వెళ్ళండమ్మా, ముందు వరసలో కూర్చోండి."

"సార్, దారంతా అది మోసింది నేను" అన్నాడు సౌమ్యరంజన్.

"అయితే నువ్వు మధ్యలో కూర్చో."

ఝాన్సీ ఉష చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల ముందు వరసలో ఎప్పుడూ కూర్చోలేదు. ఉతికిన గౌను వేసుకుంది. నూనె రాసిన జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుంది.

"మీ మామ్మ ఏటీ అనలేదా? ఇవాళ లక్ష్మివారం కదా. మా యమ్మ పొద్దున్నించి అదే అంతంది. 'ఆళ్ళింట్లో ఇవాళ ఇయ్యరే' అని."

"ఏమీ అనలేదు" అంది ఉష.

"మా ఇంట్లో గురుబార్ పూజలు, అదే మీ లక్ష్మివారం పూజలు, పున్నమికే అయిపోయాయి" అన్నాడు సౌమ్యరంజన్. "మా ఒడియా లెక్కలో మార్గశిరం పున్నమితో ఆఖరు. మీది అమావాస్య దాకా ఉంది."

ఝాన్సీ కిసుక్కున నవ్వింది. "అయితే లచ్చిందేవి పున్నమి దాకా మీ యింట్లో ఉండి, పెట్టె సర్దుకుని ఈళ్ళింటికి వచ్చేసిందేటి?"

"బస్సులో వచ్చిందా, రిక్షాలోనా?"

"కొట్టు కదా, లారీలోనే వచ్చుంటది. రగ్గుల మూటల మీద కూకొని."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఉష కూడా నవ్వబోయింది, కానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

కార్యక్రమం మొదలైంది. రాయగడలో ఏ సభయినా రెండు భాషల్లో జరుగుతుంది. ముందు ఒడియాలో చెబుతారు, తర్వాత తెలుగులో. ఆడవాళ్ళ భజన బృందం పాడింది. కొండ ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళు చేతులు కలుపుకుని వరసగా ఆడారు. డప్పు దెబ్బకు సౌమ్యరంజన్ కాళ్ళు కుర్చీ కిందే ఆడాయి. ఉష కూడా రగ్గు సంగతి మరిచిపోయింది.

ఐదున్నరకు ఎండ కొండల వెనక్కి పోయింది. ఆ వెంటనే చలి దిగింది. స్టేజి మీద బల్బులు వెలిగించారు.

అప్పుడు ఒక పిల్ల వచ్చి మైకు ముందు నిలబడింది. ఉష అంతే ఉంటుంది. పెద్ద సైజు స్వెట్టరు వేసుకుంది. దాని చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి.

"ఈమె పేరు కునీ" అన్నాడు రఘు సారు. "సముద్రం దగ్గరి ఊరు. తుపానులో ఇల్లు పోయింది. నెల్లాళ్ళుగా ఇక్కడ వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంటున్నారు తల్లీ కూతురూ. రేపు మన లారీలోనే తిరిగి వాళ్ళ ఊరు వెళ్తున్నారు. ఇప్పుడు వాళ్ళ పడవ పాట ఒకటి పాడుతుంది."

కునీ కళ్ళు మూసుకుని పాడింది. గొంతు మొదట సన్నగా వణికింది. పాట నడుస్తున్న కొద్దీ నిలబడింది. తెడ్డు వేసినట్టు పాట ముందుకీ వెనక్కీ ఊగింది. హార్మోనియం వాయించే ఆయన కూడా వాయించడం ఆపి విన్నాడు.

పాట అయిపోయాక అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు.

కునీ దిగిపోబోతుంటే రఘు సారు ఆపాడు.

"ఈ రగ్గులు ఎవరి కోసం పోగుచేశామో, వాళ్ళలో ఒక పాప మన ముందే ఉంది. మొదటి రగ్గు ఈమెకే ఇద్దాం."

ఆయన కుప్ప దగ్గరకు వెళ్ళాడు. అన్నిటిలోకీ మంచిది వెతికాడు. కవరులో ఉన్న నీలం రగ్గు తీశాడు.

ఉష కుర్చీలోంచి సగం లేచింది.

"మనదే! మనదే!" అని ఝాన్సీ ఉష భుజం కుదిపేసింది.

రఘు సారు కవరు తీసి, రగ్గు రెండు కొసలూ పట్టుకుని దులిపి విప్పాడు. వెనకనున్న బల్బు వెలుగు రగ్గులోంచి ఇవతలికి వచ్చింది. ఒక కన్నంలోంచి కాదు. పైన నాలుగు, కింద నాలుగు. ఎనిమిది కన్నాలు. ముగ్గులో చుక్కల్లా వరసగా ఉన్నాయి.

ఎక్కడో వెనక ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొందరు నవ్వారు. రఘు సారు రగ్గును ఎలా పట్టుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

"సరే... ఎవరు తెచ్చినా ప్రేమతోనే తెచ్చి ఉంటారు" అన్నాడు చివరికి. "ఉండమ్మా, ఇంకోటి తీస్తాను."

కానీ కునీ అప్పటికే చేతులు చాపి ఆ రగ్గు తీసుకుంది. దాన్ని రెండు పొరలు చేసింది. కన్నం మీద కన్నం రాకుండా ఒక పొరను కొంచెం పక్కకు జరిపింది. ఇలాంటివి కప్పుకోవడం బాగా అలవాటున్న దానిలా భుజాల చుట్టూ చుట్టుకుంది. సారుకు దండం పెట్టి దిగిపోయింది.

సౌమ్యరంజన్ కుర్చీలో మెదలకుండా కూర్చున్నాడు. ఝాన్సీ చెయ్యి ఉష భుజం మీద నుంచి జారిపోయింది.

ఆ తర్వాత ఎవరు పాడారో, ఏం పాడారో ఉషకు తెలియదు.

*

ఇంటికి వెళ్ళే దారిలో ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నడిచారు. సౌమ్యరంజన్ ఇల్లు ముందు వచ్చింది. "వస్తాను" అని ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

"నీకు తెలుసా?" అంది ఝాన్సీ.

ఉష తల ఊపింది. "ఒక్క కన్నమే అనుకున్నాను."

"ఒకటైతే పరవాలేదేటి?"

ఉష తల దించుకుని నడిచింది.

"మా యమ్మ మా రగ్గు రెండు మార్లు ఉతికింది. చలికాలం, బేగి ఆరదని రెండు రోజులు డాబా మీదకెక్కి తిప్పితిప్పి ఎండేసింది. నువ్వు వద్దన్నావని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. 'పోన్లే, ఆళ్ళు కొత్తది ఇస్తారు, పాపం ఎవరో ఎచ్చగా పడుకుంటారు' అంది." ఝాన్సీ ఆగి ఉష వైపు తిరిగింది. "ఇప్పుడు నాను మా యమ్మకి ఏటని సెప్పను?"

"ఝాన్సీ..."

"నువ్వేటీ మాట్లాడకు."

ఝాన్సీ గబగబా నడిచి తమ వీధిలోకి తిరిగిపోయింది. ఎర్ర రిబ్బన్లలో ఒకటి ఊడి వీపు మీద వేలాడుతోంది. ముడి వేస్తానని పిలవడానికి కూడా ఉషకు ధైర్యం చాల్లేదు.

ఇంట్లో మామ్మ దేవుడి గదిలో ఉంది. కుంచం ముందు దీపం వెలుగుతోంది. ఉష వెళ్ళి పక్కన కూర్చుంది. దాచుకోవాలనిపించలేదు. మెట్ల కింద మూట దగ్గర నుంచి స్టేజి మీద బల్బు దాకా మొత్తం చెప్పేసింది.

మామ్మ మధ్యలో అడ్డం రాలేదు. అంతా విన్నాక ఒక్క మాట అడిగింది.

"మడత మీద ఎలక కొరికితే ఎన్ని పొరలుంటే అన్ని కన్నాలు పడతాయి. రగ్గులమ్మే ఇంట్లో పుట్టేవు. తెలీదేటి?"

"విప్పి చూడలేదు."

"ఎందుకు సూడలేదు?"

"చూస్తే తీసుకెళ్ళలేనని."

మామ్మ నిట్టూర్చింది.

"నువ్వే చెప్పేవు కదా మామ్మా, పాడైనది లక్ష్మి కాదు, అది దాటొచ్చని."

"నేను సెప్పింది పారేసే సేట గురించే. ఇంకో తల్లి కన్న పిల్లకి కప్పే గుడ్డ గురించి కాదు." అంటూనే మామ్మ ఆగిపోయింది. దీపం వత్తిని పుల్లతో కొంచెం ఎగదోసింది. "నిజమేలే. మాట నాదే."

"నా రగ్గు ఇచ్చేస్తాను. నేను కప్పుకునే మెరూన్ రంగుది. అది కొట్టుది కాదు, నాదే."

"ఇవాళ ఏదీ గుమ్మం దాటదమ్మా."

"రేపు?"

"రేపు శుక్రవారం. శుక్రవారం కూడా ఇంట్లోంచి తీసి ఇవ్వం. నీకు తెలుసు."

"ఎల్లుండి లారీ ఉండదు మామ్మా."

ఉష నేల మీది బియ్యప్పిండి పాదాల వైపు చూసింది. అన్నీ లోపలికి వస్తున్నట్టే ఉన్నాయి. ఒక్కటీ బయటికి వెళ్తున్నట్టు లేదు.

"మామ్మా, అమ్మవారు మన గుమ్మంలోంచి లోపలికి రావాలని కదా ఇవన్నీ వేస్తావు. మరి కునీ వాళ్ళ దగ్గరకు ఎలా వెళ్తుంది? వాళ్ళకి గుమ్మమే లేదు."

ఉష వాదించాలని అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

మామ్మ కుంచం వైపు చూస్తూ అలాగే కూర్చుంది. చేతిలో జపమాల ఉంది. పూస మాత్రం కదలడం లేదు.

*

"లే అమ్మీ. ఐదయింది."

ఉష కళ్ళు తెరిచింది. బయట ఇంకా మంచు పొగ. మామ్మ అప్పటికే స్నానం చేసినట్టుంది. తడి జుట్టు ముడి వేసుకుంది.

"లారీ ఎన్నింటికి?"

"ఆరింటికి."

మామ్మ ఉష మీద నుంచి రగ్గు మెల్లగా లాగింది. మంచం మీద పరిచి దులిపింది. పసుపు తడిపి నాలుగు కొసలకూ నాలుగు బొట్లు పెట్టింది. కొత్త బట్ట ఎవరికి పెట్టాలన్నా ఆ ఇంట్లో అలాగే పెడతారు.

"ఇది పాతది కదా మామ్మా."

"ఆ పిల్లకి కొత్తదే కదా."

"మరి శుక్రవారం...?"

"అమ్మవారితో నేను మాట్లాడుకుంటాను. నువ్వు బేగి ఎల్లు."

ఉష రగ్గు భుజాన వేసుకుని వీధి గుమ్మంలోంచి బయటికి వచ్చింది. గడప దాటుతూ ఒకసారి వెనక్కి చూసింది. మామ్మ ద్వారబంధానికి ఆనుకుని, రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. దండం ఎవరికి పెడుతోందో ఉషకు అర్థం కాలేదు.

మైదానంలో లారీ ఇంజను పని చేస్తోంది. రఘు సారు మఫ్లరు చుట్టుకుని మూటలు ఎక్కిస్తున్నాడు. స్టేజి మెట్ల మీద కునీ, వాళ్ళమ్మ కూర్చున్నారు. వాళ్ళమ్మ ఒళ్ళో నీలం రగ్గు ఉంది. పాత చీర ముక్కలు కత్తిరించి కన్నాల మీద పెట్టి కుడుతోంది. గులాబీ పువ్వుల ముక్క ఒకటి, ఆకుపచ్చ ముక్క ఒకటి.

ఉష వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది. రాత్రి మంచం మీద పడుకుని ఒడియాలో మాటలు కూర్చుకుంది. ఇప్పుడు అన్నీ మరిచిపోయింది.

"ఆ రగ్గు తెచ్చింది నేనే" అంది ఒడియాలో. "చిరిగిందని నాకు తెలుసు. కన్నం కనపడకుండా మడిచాను."

రఘు సారు మూట పట్టుకుని ఆగిపోయాడు. కునీ వాళ్ళమ్మ సూది ఆపి తలెత్తి చూసింది. కునీ కాసేపు ఉష ముఖం చూసింది.

"ఇంకా రెండు కన్నాలే ఉన్నాయి" అంది కునీ. "అమ్మ దారిలో కుట్టేస్తుంది."

ఆ పిల్ల కోప్పడి ఉంటే ఉషకు ఏడుపు వచ్చేది కాదు.

"ఇది నాది. నేను కప్పుకునేది" అని భుజం మీది రగ్గు తీసి ఇవ్వబోయింది. మళ్ళీ ఆగింది. "ఉండు. ముందు చూడు."

రగ్గు విప్పసాగింది. పెద్ద రగ్గు. ఒక్కతే పట్టుకుంటే ఒక పక్క కిందకు జారిపోతోంది. మునివేళ్ళ మీద నిలబడి చేతులు పైకెత్తింది. ఇంకో పక్క జారింది.

"ఎందుకమ్మా, అలాగే ఇచ్చెయ్యి. చూడక్కర్లేదు" అన్నాడు రఘు సారు.

"లేదు సార్. చూడాలి."

అప్పుడు జారుతున్న కొసను ఎవరో పట్టుకున్నారు.

ఝాన్సీ. పక్కనే వాళ్ళమ్మ ఉంది. ఆవిడ చంకలో ఒక పాత రగ్గు, నాలుగు మడతలు పెట్టినది, ఉంది. ఝాన్సీ ఉష వైపు చూడలేదు. రెండో కొస కూడా వెతికి పట్టుకుంది. వెనక్కి నడిచి రగ్గును సాగదీసింది. ఇద్దరి మధ్యా మెరూన్ రగ్గు పూర్తిగా విచ్చుకుంది. కునీ వచ్చి చూసింది. ఈ పక్క చూసింది, వంగి ఆ పక్క కూడా చూసింది. తర్వాత కొస మీది పసుపు బొట్టును వేలితో తాకి వాళ్ళమ్మ వైపు తిరిగి నవ్వింది.

"ఇంక మడత పెట్టు" అంది ఝాన్సీ. నిన్న సాయంత్రం నుంచి అదే మొదటి మాట. "గట్టిగా పట్టుకో. నేలకి రాసుకుపోతంది."

ఉష గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా ఒక అడుగు వేసి కొసకు కొస కలిపారు. మళ్ళీ సాగదీశారు. మళ్ళీ ఒక అడుగు వేశారు. మూడో మడతకు ఇద్దరి వేళ్ళూ తగిలాయి. ఝాన్సీ తన కొసలు ఉష చేతిలో పెట్టి పోలేదు. చివరి మడత దాకా అక్కడే ఉండి, రగ్గును ఒక పక్క తానూ పట్టుకుని, ఉషతో కలిసి లారీ దాకా నడిచింది.